చెక్క విమానంలో ఎపాక్సీ ఫిల్లెట్లు ఎలా వేయాలి, ఎక్కడ వేయకూడదు

ఒహాయోలో మా గ్యారేజీలో నేను పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్ కడుతున్నాను. 1929లో మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజన్ పెట్టి ఎగరేసిన విమానం ఇది, ఇప్పటికీ జనం ప్లాన్లు కొనుక్కుని ఇళ్ళల్లో కడుతూనే ఉన్నారు. ఈ మధ్య మనవాళ్ళు కూడా కొందరు ఇందులోకి దిగుతున్నారు, ఫోన్ చేసినప్పుడు ఎక్కువమంది అడిగేది ఈ ఫిల్లెట్ల గురించే, అందుకని నేను చేసే పద్ధతంతా ఒకచోట రాస్తున్నా. కొంచెం పొడుగైనా పూర్తిగా చదవండి, ఎందుకంటే ఇందులో తప్పు చేస్తే ఆ తప్పు మీద స్కిన్ (విమానం పైతొడుగు) వేసి మూసేస్తాం, మళ్ళీ కనపడదు.

ఫిల్లెట్ అంటే ఏంటో ముందు చెప్తా. డాబా మీద పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో మేస్త్రీ సిమెంట్‌తో గుండ్రంగా వంపు తీసి వేస్తాడు చూడండి, నీళ్ళు మూలలో నిలవకుండా, పగులు రాకుండా. అచ్చం అదే. ఇక్కడ సిమెంట్ బదులు చిక్కగా కలిపిన ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), గోడ బదులు ప్లైవుడ్, స్లాబ్ బదులు స్ప్రూస్ అనే తేలికపాటి కర్ర. పదునైన లోపలి మూలలో బలం అంతా ఒకే గీత మీద పడుద్ది, ఆ మూలని గుండ్రం చేస్తే కాస్త పరుచుకుంటది, జిగురు పట్టుకునే చోటు పెరుగుద్ది, కర్ర అడ్డకోత వైపు కూడా సీల్ అయిపోద్ది, తేమ వెళ్ళి కూర్చోడానికి సందు ఉండదు.

మీలో చాలామంది పడవలు కట్టేవాళ్ళ వీడియోలు చూసి వస్తున్నారు, అక్కడ రెండు ప్లైవుడ్ పలకల్ని తీగలతో కుట్టి మూలంతా లావుగా ఫిల్లెట్ వేసి దాని మీద గ్లాస్ టేప్ వేస్తారు, అక్కడ ఫిల్లెటే జాయింటు. విమానంలో అలా కాదు. ప్లాన్‌లో మూలకి ముక్కోణపు చెక్క దిమ్మ వేయమని గీసి ఉంటే ఆ దిమ్మే వేయాలి, గసెట్ (జాయింట్ మీద అంటించే ప్లైవుడ్ ముక్క) ఉంటే గసెట్టే వేయాలి, "ఎపాక్సీ బలంగా ఉంటది కదా, దిమ్మెందుకు, ఫిల్లెట్ వేసేద్దాం" అనుకోవద్దు. డిజైనర్ లెక్క వేసింది ఆ దిమ్మతో, మీ ఫిల్లెట్‌తో కాదు. ప్లాన్‌లో ఉన్నవన్నీ అయ్యాక మిగిలిన మూలల్లోనే నేను ఫిల్లెట్ వేస్తా: సైడ్ ప్లైవుడ్‌కీ నిలువు కర్రలకీ మధ్య లోపలి మూల, ఫ్లోర్ ప్లైవుడ్ అడ్డకర్రల్ని తాకే చోటు, రెక్కలో రిబ్బులు (రెక్కకి ఆకారమిచ్చే చట్రాలు) స్పార్ (రెక్క పొడుగునా ఉండే దూలం) మీద కూర్చునే చోటు, తోక చివర టెయిల్ పోస్ట్ అనే నిలువు కర్ర దగ్గర. ఇనుప ఫిట్టింగులు బోల్టుతో బిగించే చోట అస్సలు వేయను, ఆ ఫిట్టింగ్ ఎప్పుడైనా విప్పి కింద చెక్క ఎలా ఉందో చూడాలి కదా, ఎపాక్సీతో అంటించేస్తే విప్పేటప్పుడు చెక్క పీచు కూడా లేచి వస్తది.

జిగురు గురించి ఎందుకింత పట్టింపు అంటారేమో. రెండో ప్రపంచ యుద్ధంలో డి హావిలాండ్ మాస్కిటో అని చెక్క విమానం ఉండేది, మొదట్లో వాటిని పాల నుంచి తీసే కేసీన్ జిగురుతో అంటించారు, తర్వాత సింథటిక్ జిగురుకి మారారు. 1944లో మన దేశంలో ఉన్న మాస్కిటోల్లో రెక్కల జాయింట్లు విడిపోయి ప్రమాదాలు జరిగితే వాటిని నేల మీద నిలబెట్టి తనిఖీలు చేయాల్సి వచ్చింది. మన ఎండా వానా కారణమా, తయారీలో సరిగ్గా అంటించకపోవడమా అని అప్పుడు విచారణలు జరిగాయి. ఎపాక్సీ కేసీన్ కంటే ఎంతో నయం, తేమకి తట్టుకుంటది, కానీ కలిపేటప్పుడూ పూసేటప్పుడూ మనం చేసే తప్పులకి అది కూడా తట్టుకోదు.

సరే, పనిలోకి వద్దాం. ఫిల్లెట్ వేసే ముందు జాయింట్ చూడాలి, నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైంది ఇదే. రెండు ముక్కలు అంటించి క్లాంప్ వేసినప్పుడు అంచు పొడుగునా జిగురు సన్నటి పూసల్లాగా బయటికి రావాలి. ఎక్కడైనా రాలేదంటే లోపల జిగురు చాల్లేదు, లేదా ముక్కలు సరిగ్గా ఆనలేదు. అది ఎండకముందే చూసి విప్పి మళ్ళీ అంటించాలి. ఆ ఖాళీ మీద ఫిల్లెట్ వేసి కప్పేస్తే పైకి నున్నగా అందంగా ఉంటది, లోపల జాయింట్ బోలుగా ఉంటది, తర్వాత ఎవ్వరూ కనిపెట్టలేరు. గోడ పగిలితే లప్పం పెట్టి రంగేసినట్టే అది. నేను ప్రతి జాయింట్‌నీ టార్చి లైటు పక్కనించి వేసి చూస్తా, ఎదురుగా వేస్తే నీడ పడదు, సందు కనపడదు.

ఇంకో సంగతి, చాలా చోట్ల విడిగా ఫిల్లెట్ కలపాల్సిన పనే ఉండదు. జాయింట్‌కి వాడే జిగురులోనే కొంచెం ఫిల్లర్ (జిగురుని చిక్కబరిచే పొడి) కలిపితే బయటికొచ్చిన ఆ జిగురునే ఐస్‌క్రీం పుల్లతో ఒక్కసారి లాగితే చిన్న ఫిల్లెట్ అయిపోద్ది. బరువు పెరగదు, జిగురు వృథా కాదు, పైగా జాయింటూ ఫిల్లెట్టూ ఒకే ముద్దగా ఎండుతాయి. నా విమానంలో సగానికి పైగా ఫిల్లెట్లు ఇలా వచ్చినవే.

బరువు అన్నా కదా, అది లెక్కేసి చూపిస్తా. తొంభై డిగ్రీల మూలలో 5 మిల్లీమీటర్ల రేడియస్‌తో ఫిల్లెట్ వేస్తే మీటరు పొడవుకి సుమారు 6 గ్రాములు పడుద్ది. అదే 10 మిల్లీమీటర్లు చేస్తే సుమారు 25 గ్రాములు. రేడియస్ రెట్టింపైతే బరువు నాలుగింతలు! 40 మీటర్ల మూలలు ఉన్నాయనుకోండి, మొదటి లెక్కలో పావు కిలో, రెండో లెక్కలో కిలో. ఆ ముప్పావు కిలోలో ఎక్కువ భాగం తోకలో పడిందంటే ఇంకా ఇబ్బంది, దాన్ని సరిచేయడానికి విమానం ముక్కు వైపు బరువు పెట్టాలి. అందుకే ప్లాన్‌లో వేరే చెప్పకపోతే నేను మామూలు ఐస్‌క్రీం పుల్లే వాడతా, దాని వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు, గుండ్రటి చివరతో లాగితే సుమారు 5 మిల్లీమీటర్ల రేడియస్ వస్తది. డాక్టర్లు నాలుక నొక్కి చూసే వెడల్పాటి పుల్ల అయితే దాదాపు రెట్టింపు రేడియస్, అది నేను ఒకట్రెండు చోట్ల తప్ప వాడలేదు.

ఇక ఎపాక్సీ. నేను వాడేది టీ-88, చెక్క విమానాలు కట్టేవాళ్ళలో చాలామంది వాడేది అదే. వెస్ట్ సిస్టమ్ వాడేవాళ్ళు కూడా ఉన్నారు, అది పల్చగా ఉంటది, ఫిల్లర్ ఎక్కువ పడుద్ది. ఏది వాడినా డిజైనర్ ఒప్పుకున్నదేనా అని చూసుకోండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ, కారు డెంట్లకి పెట్టే పాలిస్టర్ పుట్టీ మాత్రం చెక్క విమానంలో ఎక్కడా వద్దు. మొదటిది తేమకి నిలవదు, రెండోది చెక్కని సరిగ్గా పట్టుకోదు.

కలపడంలో నేను చేసిన తప్పు చెప్తా, ఎందుకంటే ఇది ఎవరికైనా జరగొచ్చు. టీ-88 డబ్బా మీద ఒకటికి ఒకటి అని ఉంటది, కానీ అది పరిమాణంలో. బరువు తూచి కలిపితే రెజిన్ 100 గ్రాములకి హార్డెనర్ 83 గ్రాములు. నేను మొదట్లో కిచెన్ కాటా కొనుక్కుని సంతోషంగా సమాన బరువులు తూచి కలిపేశా, ఫ్లోర్ కింద అయిదారు మూలలు వేసేశా. మూడు రోజులయ్యాక గోరు గుచ్చితే దిగుతోంది. వారం ఆగినా అంతే. హీట్ గన్ పెట్టి తీయమని ఒకరన్నారు, కానీ ఆ వేడి పక్కనున్న మంచి జాయింట్లని కూడా మెత్తబరుస్తుందని నేను పెట్టలేదు, ఉలితో స్క్రేపర్‌తో రెండు శనివారాలు కూర్చుని గీకి గీకి తీశా, కింద చెక్క తగిలేదాకా. ఆ రోజు నుంచి కాటా పక్కన గోడ మీద పెద్దక్షరాలతో 100, 83 అని రాసి పెట్టుకున్నా. పరిమాణంలో కలిపేవాళ్ళు కొలిచే సిరంజీలు రెండు విడివిడిగా వాడండి, రంగు టేపు చుట్టి గుర్తు పెట్టండి. వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్‌కి 205 లేదా 206 హార్డెనర్ అయితే అయిదుకి ఒకటి, వాళ్ళ పంపులు రెండింటికీ చెరో నొక్కు నొక్కితే ఆ లెక్క వచ్చేలా చేసి ఉంటాయి, రెజిన్ అయిదు సార్లు నొక్కకూడదు!

కప్పులో కనీసం రెండు నిమిషాలు కలపాలి, అంచులూ అడుగూ గీకుతూ. తర్వాత ఇంకో శుభ్రమైన కప్పులోకి వంచి మళ్ళీ కలపాలి, అడుగున కలవకుండా మిగిలింది పాత కప్పులోనే ఉండిపోద్ది. ఒకేసారి ఎక్కువ కలపొద్దు, లోతైన కప్పులో ఎక్కువ ఎపాక్సీ ఉంటే దాని వేడికి అదే ఉడికి పొగలొచ్చి గట్టిపడిపోద్ది. 30, 40 గ్రాములు చాలు, అది కూడా కలిపాక వెడల్పాటి మూత మీద పల్చగా పరిస్తే ఎక్కువసేపు పనికొస్తది. వేసవి మధ్యాహ్నం గ్యారేజీ 35 డిగ్రీలుంటే 25 డిగ్రీల దగ్గర దొరికే టైములో సగమే దొరుకుద్ది అనుకోండి.

ఫిల్లర్లలో చాలామంది గందరగోళపడతారు. బలం కావాల్సిన ఫిల్లెట్‌కి ఫ్లాక్స్, అంటే దూది పీచుని సన్నగా తరిగింది. జారకుండా నిలబడడానికి సిలికా పొడి, కొంచెమే. మైక్రోబెలూన్స్ అనే తెల్లటి పొడి ఉంటది, సన్న గాజు బుడగలు, చాలా తేలిక, శాండ్ పేపర్‌తో ఇట్టే అరుగుద్ది, కానీ అది బయట ఆకారం నింపడానికి మాత్రమే, బలం మోసే మూలల్లో దాన్ని వేయకండి. తేలిగ్గా ఉంటుంది కదా అని మోసపోవద్దు. నేను ముందు ఫ్లాక్స్ కలిపి, ఆ తర్వాత సిలికా చిటికెడు చిటికెడుగా వేసుకుంటూ పోతా. ఎంత చిక్కగా అంటే, దోసెల పిండిలా ఉంటే కారిపోద్ది, చపాతీ పిండిలా ఉంటే చెక్కకి అంటదు. గారెల పిండి గుర్తు పెట్టుకోండి, పుల్లతో తీసి తలకిందులు చేస్తే పడకూడదు, వేలితో నొక్కితే నున్నగా జరగాలి. ఫిల్లర్ మరీ ఎక్కువైతే ముద్ద పొడిబారినట్టు మెరుపు తగ్గుద్ది, అప్పుడు దాన్ని పడేసి కొత్తగా కలుపుకోవడమే మంచిది.

చెక్క తయారుగా ఉందో లేదో చూడ్డానికి నీటి చుక్క పరీక్ష చేస్తా. వాడబోయే ప్లైవుడ్‌లోంచి మిగిలిన తుంపు మీద ఒక చుక్క నీళ్ళు వేస్తే అది పరుచుకుని ఇంకాలి. తామరాకు మీద బొట్టులా నిలబడిందంటే పైన ఫ్యాక్టరీ ప్రెస్‌లో వచ్చిన మెరుపు పొర ఉన్నట్టు, దాన్ని 80 నంబర్ శాండ్ పేపర్‌తో తేలిగ్గా గీరాలి, పై పొర అరిగిపోయేంత కాదు. స్ప్రూస్ కర్ర మాత్రం పదునైన చిత్రికతో నున్నగా తీసిందే మంచిది, శాండ్ పేపర్ వేస్తే పొట్టు రంధ్రాల్లో కూరుకుపోద్ది. పొట్టుని వ్యాక్యూమ్‌తో తీయండి, కంప్రెసర్ గాలి వద్దు, అందులో నూనె తుంపర ఉండొచ్చు. చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి, చిన్న మీటర్ దొరుకుద్ది, కొనుక్కోండి.

ఇప్పుడు వేయడం. ఫిల్లెట్ అంచు ఎక్కడ ఆగాలో అక్కడ రెండు వైపులా మాస్కింగ్ టేపు వేస్తా, మూల నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో. ఫిల్లర్ లేని ఉత్త ఎపాక్సీ కొంచెం బ్రష్‌తో మూలలో పూస్తా, ముఖ్యంగా కర్ర అడ్డకోత వైపు రెండుసార్లు, ఎందుకంటే అది స్ట్రాలాగా జిగురు పీల్చేస్తది, దాని మీద నేరుగా చిక్కటి ముద్ద పెడితే ముద్దలోని ఎపాక్సీని లాగేసుకుని అంచుని ఎండగట్టేస్తది. పది, పదిహేను నిమిషాలాగి, బ్రష్ తడి ఇంకా జిగటగా ఉండగానే ముద్ద వేయాలి.

ముద్దని పుల్లతో మూలల్లో కుక్కితే గాలి బుడగలు మిగులుతాయి. నేను జిప్‌లాక్ కవర్లో వేసి మూల కత్తిరించి గోరింటాకు కోన్ పిండినట్టు పిండుతా. మా అక్క పెళ్ళిళ్ళలో మెహందీ వేస్తుంటే పక్కన కూర్చుని చూసిన పని ఇక్కడ అక్కరకొచ్చింది: కోన్ మొన మూలకి ఆనించి వెనక్కి కాకుండా ముందుకి నెట్టుకుంటూ పిండాలి, అప్పుడు ముద్ద మూలలోకి తోసుకుని వెళ్తది, గాలి ముందుకి పోద్ది. ఒక అడుగు పొడవు పిండాక పుల్ల గుండ్రటి చివర పెట్టి, లాగే వైపుకి కాస్త వంచి, ఒక్క చేతి ఊపుతో చివరిదాకా లాగాలి, మధ్యలో ఆగితే అక్కడ మెట్టు పడుద్ది. పుల్లకి రెండు పక్కలా మిగిలి వచ్చింది తీసి మళ్ళీ వాడుకోండి. లాగడం రెండుసార్లకి మించి చేయొద్దు, ఎంత సర్దితే అంత పాడవుద్ది. గ్లోవ్ వేసుకున్న వేలిని డీనేచర్డ్ ఆల్కహాల్‌తో తడిపి నున్నగా చేయాలనిపిస్తది, చేయకండి, ఆల్కహాల్ పై పొరలో కలిసి దాన్ని బలహీనం చేస్తది.

అయిపోగానే, ఎపాక్సీ ఇంకా తడిగా ఉండగానే టేపు తీసేయాలి, మూల నుంచి బయటికి, నెమ్మదిగా, తన మీదకే మడిచి లాగుతూ. రేపు తీద్దాం అనుకుంటే టేపు కాగితం ఫిల్లెట్ అంచులో ఇరుక్కుని ఉండిపోద్ది, అది తేమ పీల్చే ఒత్తిలా పనిచేస్తది. టేపు తీసినచోట చిన్న గట్టు మిగిలితే పుల్లతో ఒకసారి తాకితే చాలు.

వాతావరణం మీద ఒక మాట. ఒహాయోలో చలికాలం గ్యారేజీ సున్నాకి దిగిపోద్ది. టీ-88 2 డిగ్రీల దగ్గర కూడా ఎండుద్దని తయారుచేసేవాళ్ళే చెప్తారు, కానీ చలిలో అది తేనె గడ్డకట్టినట్టు చిక్కగా అయిపోయి సరిగ్గా కలవదు, అందుకని సీసాల్ని గంట ముందు గోరువెచ్చటి నీళ్ళలో పెడతా. వేడికి ప్రొపేన్ హీటర్ గానీ కిరోసిన్ హీటర్ గానీ పెట్టకండి, వాటిలోంచి వచ్చే తేమ, కార్బన్ డయాక్సైడ్ తడి ఎపాక్సీ పైన మైనంలాంటి జిడ్డు పొర తెస్తాయి. కరెంటు హీటర్ పెట్టి పని చేసే భాగం చుట్టూ దుప్పటితో గుడారం కట్టుకోండి. ఇంకోటి, పొద్దున గ్యారేజీ వేడెక్కుతున్నప్పుడు ఫిల్లెట్ వేస్తే చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలై పైకొస్తది. సాయంత్రం, చల్లబడుతున్నప్పుడు వేస్తే చెక్క ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటది. నేను ఫిల్లెట్ పని ఎప్పుడూ రాత్రి భోజనం అయ్యాకే పెట్టుకుంటా.

ఎండాక మళ్ళీ దాని మీద ఏదైనా అంటించాలంటేనో వార్నిష్ వేయాలంటేనో, ముందు నీళ్ళు, గరుకు స్కాచ్‌బ్రైట్‌తో కడిగి తుడవాలి, ఆ తర్వాతే శాండ్ పేపర్. వరస తిరగేస్తే ఆ జిడ్డు గీతల్లోకి కూరుకుపోద్ది.

ఒంటి గురించి: నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా డబ్బా మూత కూడా తీయకండి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే పోదు, ఏళ్ళ తరబడి ఏమీ కాని వాళ్ళకి కూడా ఒక రోజు చేతుల మీద దద్దుర్లు లేస్తాయి, ఆ తర్వాత విమానం కట్టడమే మానేయాల్సి వస్తది. చర్మం మీద పడితే సబ్బు నీళ్ళతో కడగండి, ఆల్కహాల్‌తో తుడవకండి, అది ఎపాక్సీని ఇంకా లోపలికి తీసుకుపోద్ది. సిలికా పొడి కలిపేటప్పుడూ, ఎండిన ఫిల్లెట్ అరగదీసేటప్పుడూ మంచి మాస్కు పెట్టుకోండి, పూర్తిగా ఎండని ఎపాక్సీ పొట్టు మరీ ప్రమాదం.

కలిపిన ప్రతి కప్పులోంచి కొంచెం తీసి అదే ప్లైవుడ్ తుంపుని స్ప్రూస్ తుంపుకి అంటించి, చిన్న ఫిల్లెట్ కూడా వేసి, దాని మీద తేదీ, ఏ మూలకి వాడానో పెన్సిల్‌తో రాసి షెల్ఫ్‌లో పెడతా. వారం తర్వాత వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొడతా. చెక్క పీచులు పీచులుగా చిరగాలి. జిగురు గీత వెంబడి నున్నగా ఊడి వస్తే ఆ రోజు వేసిన మూలలన్నీ అనుమానమే, అవి ఏ మూలలో తుంపు మీది రాత చూసి వెతుక్కోవచ్చు. నా సమాన బరువుల బ్యాచ్ ఎక్కడెక్కడ పడిందో నాకు తెలిసింది ఈ రాతవల్లే.

స్కిన్ మూసేముందు రెండు పనులు. ఈఏఏ (ఇళ్ళల్లో విమానాలు కట్టేవాళ్ళ అమెరికన్ సంఘం) వాళ్ళ టెక్నికల్ కౌన్సెలర్లని వాలంటీర్లు ఉంటారు, ఇంటికొచ్చి చూసి వెళ్తారు, మూసేయకముందే పిలవండి, మూసేశాక వాళ్ళకి చూడ్డానికేం ఉండదు. రెండోది నీటి దారి. ఫిల్లెట్లు వేసుకుంటూ పోయేటప్పుడు తెలీకుండానే డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోతాయి, లేదా రెండు ఫిల్లెట్లు కలిసే చోట చిన్న గిన్నెలాంటి గుంట మిగిలిపోద్ది. లోపల వార్నిష్ ఆరాక, విమానం నేల మీద నిలబడే కోణంలో ఫ్యూజలాజ్‌ని (విమానం బాడీని) తోక కిందికి ఉండేలా పెట్టి, ఒక్కో అరలో చెంచాడు నీళ్ళు పోసి టార్చితో చూస్తా. నా టెయిల్ పోస్ట్ దగ్గర అరలో నీళ్ళు కదల్లేదు, ఫిల్లెట్ రంధ్రానికి 3 మిల్లీమీటర్ల పైకి వచ్చేసింది. డ్రిల్ బిట్‌ని చేత్తోనే తిప్పి తెరిచి, లోపలి అంచు గుండ్రటి ఫైల్‌తో వాలుగా చేసి, కోసిన చోట మళ్ళీ ఎపాక్సీ పూసి ఆరబెట్టి ఇంకో చెంచా పోశా. ఈసారి చుక్క చుక్కగా అంతా కింద పెట్టిన గుడ్డ మీదకి దిగింది, అప్పుడు ఫ్యాన్ పెట్టి రెండు రోజులు ఆరనిచ్చి మూశా.